రోగి మాట, వైద్యుడి చెవి
(హౌస్ సర్జన్లుగా చేరుతున్న యువ వైద్యులను ఉద్దేశించి ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

నేను సర్వీసులో చేరిన రెండో ఏట, గుండె బలహీనపడి కాళ్లకు నీరు దిగిన ఒక పెద్దాయన మా ఓపీకి పదిహేను రోజులకోసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా నేను "ఉప్పు బాగా తగ్గించాలి తాతగారూ" అనేవాణ్ని. ఆయన "ఎప్పుడో మానేశాను బాబూ" అనేవారు. నేను చీటీ మీద నీరు తీసే మాత్ర మోతాదు కాస్త పెంచి పంపేవాణ్ని. మే నెలలో ఒక రాత్రి ఊపిరాడక ఆయన్ని వార్డులో చేర్చారు. మరునాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన భార్య క్యారియర్ విప్పి పెరుగన్నం కలుపుతున్నారు. పక్కనే స్టీలు మూతలో కొత్తావకాయ ముక్కలు రెండు, చుట్టూ ఎర్రటి ఊట, నాలుగు గుమ్మడి వడియాలు ఉన్నాయి. "ఉప్పు మానేశానన్నారు కదా" అని కోపంగానే అడిగాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఆరు నెలలైంది బాబూ, మజ్జిగలో కూడా వేసుకోవడం లేదు. ఇది ఉప్పు కాదుగా, ఊరగాయ" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు, నా మాట పెడచెవిన పెట్టనూ లేదు. ఆయన దృష్టిలో ఉప్పు అంటే జాడీలోంచి చేత్తో తీసి వేసుకునే పదార్థం. ఊరగాయ, అప్పడం, వడియం వేరే జాతి వస్తువులు, వాటికి వేరే పేర్లు, వంటింట్లో వేరే చోటు ఉన్నాయి. నా దృష్టిలో ఉప్పు అంటే సోడియం, అది ఎందులో ఉన్నా ఒకటే. ఒక్క మాటను ఇద్దరం ఆరు నెలల పాటు వాడుకున్నాం, ఇద్దరం అర్థమైందనే అనుకున్నాం, ఆ ఆరు నెలలూ మా ఇద్దరి మధ్య జరిగింది సంభాషణ కాదని ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇవాళ మీతో చెప్పదలచిన సంగతి ఇదే. తెలియని మాట వల్ల వచ్చే అపార్థం అంత ప్రమాదకరం కాదు, ఎందుకంటే తెలియనప్పుడు మనం ఆగి అడుగుతాం. నగరంలో పెరిగి ఇంగ్లీషు మీడియంలో చదివిన అమ్మాయి మా వార్డులో డ్యూటీ చేస్తున్నప్పుడు ఒక రోగి "నేను బయట ఉన్నానండీ" అన్నది. ఆ అమ్మాయి "లోపలే కదమ్మా ఉన్నారు" అన్నది. పక్క మంచం మీది ఆవిడ నవ్వి, నెలసరి అని చెప్పింది, అంతటితో సరిపోయింది. కానీ కోస్తా నుంచి కరీంనగర్ వైపు వచ్చిన మరో కుర్రవాడి దగ్గరకు ఒక ముసలాయన "దమ్మొస్తున్నది సారూ" అంటూ వచ్చాడు. అక్కడ దమ్ము అంటే ఆయాసం. మన కుర్రవాడికి దమ్ము అంటే బీడీ లాగడమే. "రోజుకు ఎన్నిసార్లు?" అని ఇతను, "మెట్లెక్కితే చాలు సారూ" అని ఆయన. కేస్ షీట్‌లో 'ధూమపానం అలవాటు' అని చేరింది. ముసలాయన జన్మలో బీడీ ముట్టలేదు. మొదటి సందర్భంలో మాట చెవి దగ్గరే ఆగిపోయింది కాబట్టి ప్రశ్న పుట్టింది. రెండో సందర్భంలో మాట జారుకుంటూ లోపలికి వెళ్లి, అప్పటికే సిద్ధంగా ఉన్న గూట్లో కూర్చుంది. గూడు దొరికిన మాటను ఎవరూ ప్రశ్నించరు.

ఆ గూళ్ల అమరికనే మనోచట్రం అంటున్నాను. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాన్ని స్కీమా అంటారు. కేంబ్రిడ్జికి చెందిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన పరిశోధనల్లో, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు పాఠకుల చేత చదివించి, కొంత కాలం తర్వాత తిరిగి చెప్పించాడు. చెప్పినవాళ్ల కథల్లో ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది, సీల్ జంతువుల వేట చేపల వేట అయింది, వాళ్లకు అంతుపట్టని భాగాలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఎవరూ కావాలని మార్చలేదు. జ్ఞాపకం ఒక పెట్టె కాదని, మనకు అలవాటైన చట్రంలోకి కథను ప్రతిసారీ మళ్లీ కట్టుకుంటామని ఆయన అన్నాడు. మీరు ఓపీలో రోగి చెప్పిన అయిదు నిమిషాల కథను మూడు వరుసల కేస్ షీట్‌గా మార్చినప్పుడు జరిగేదీ అదే. తేడా ఏమిటంటే, ఇక్కడ దోనె పడవ అయితే ఎవరికో మందు మారిపోతుంది.

ఇక తెలుగు నేల మీద పనిచేసే ఏ వైద్యుడికైనా మొదట ఎదురయ్యే చట్రం వేడి. "వేడి చేసిందండీ" అని రోగి అంటాడు. మీరు థర్మామీటర్ తీస్తారు. జ్వరం ఉండదు. మీరు విసుగ్గా "వేడేమీ లేదు" అంటారు. మీరిద్దరూ చెప్పింది నిజమే. ఆ మాట వెనక ఒక పూర్తి శరీర సిద్ధాంతం ఉంది. అందులో కారణాలున్నాయి: మామిడిపండు, కోడిమాంసం, నువ్వులు, ఎండన పడి తిరగడం. లక్షణాలున్నాయి: మూత్రంలో మంట, నోటిపూత, సెగగడ్డలు, కళ్లు ఎర్రబడటం. చికిత్స కూడా ఉంది: మజ్జిగ, కొబ్బరినీళ్లు, సబ్జా గింజలు, మాడుకు ఆముదం. చలవ, వేడి అన్న ఈ లెక్క మన వైద్య సంప్రదాయాలతో ముడిపడి, అమ్మమ్మల వంటింటి దాకా దిగి వచ్చింది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే వైద్యుల మీద నాకు గౌరవం లేదు. కారణం, లక్షణం, చికిత్స మూడూ ఉన్న ఆలోచనను ఒప్పుకోకపోవచ్చు గాని, అది లేదన్నట్టు ప్రవర్తించడం మాత్రం కుదరదు.

కుదరదని నేను నేర్చుకున్నది ఒక క్షయ రోగి దగ్గర. ముప్పై ఏళ్లున్న తాపీ మేస్త్రీ, కఫంలో క్రిములు కనబడ్డాయి. క్షయకు చికిత్స ఆరు నెలలని, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులుంటాయని, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాక మందులకు లొంగని రకంగా మారవచ్చని మీకు తెలుసు. నేను అదంతా అతనికి శ్రద్ధగా చెప్పాను. అతను తల ఊపాడు. నాలుగో రోజు నుంచి మందులు మానేశాడు. నెల తర్వాత దగ్గు ముదిరి వచ్చినప్పుడు, నిర్లక్ష్యం, తాగుడు, చదువు లేకపోవడం అంటూ నాకు అందుబాటులో ఉన్న కారణాలన్నీ మనసులోనే అతనికి అంటగట్టాను. మందులెందుకు మానేశావని మా స్టాఫ్ నర్సు అడిగింది. అతను కాసేపు నేల చూపులు చూసి, "ఒకటే వేడండీ అయ్యి. మూత్రం ఎర్రగా నిప్పులాగా వచ్చేసింది. ఒళ్లు మాడిపోద్దని మా అమ్మ వొద్దంది" అన్నాడు.

ఆ నాలుగు మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి. దాని రంగు మూత్రంలోకి, చెమటలోకి, కన్నీళ్లలోకి కూడా దిగి నారింజ, ఎరుపు కలిసిన ఛాయ వస్తుంది. ఆ రంగు వల్ల హాని లేదు. మనం ఫార్మకాలజీ పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయే ముక్క అది. ఆ తల్లి చట్రంలో మాత్రం ఎర్రటి మూత్రం అంటే ఒళ్లు లోపల కాలిపోతోందనడానికి తిరుగులేని సాక్ష్యం. ఆమె సాక్ష్యం చూసి నిర్ణయం తీసుకున్నది. ఒక రకంగా చూస్తే మేమిద్దరం శాస్త్రీయంగానే ఆలోచించాం, కాకపోతే ఇద్దరి శాస్త్రాలూ వేరు. ఆ తర్వాత నేను మొదటి మాత్ర చేతిలో పెట్టకముందే చెప్పడం నేర్చుకున్నాను: "రేపటి నుంచి మూత్రం ఎర్రగా వస్తుంది. అది వేడి కాదు, మందు రంగు. గోరింటాకు పెట్టుకుంటే చేయి ఎర్రబడదూ, అట్లాంటిదే. రంగు కనబడిందంటే మందు ఒంట్లోకి దిగిందని లెక్క. మజ్జిగ తాగుతానంటే తాగు, నాకేమీ అభ్యంతరం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా మాత్రం ఆ రోజే రా." గోరింటాకు పోలిక నాది కాదు, ఆ నర్సుదే. ఆమె నాకంటే మంచి వైద్యురాలని నాకు ఆ రోజే తెలిసింది.

కొన్ని చట్రాలను మనమే కట్టి రోగుల చేతికిచ్చాం. మధుమేహాన్ని షుగర్ అన్నాం కాబట్టి మన వాళ్లు చక్కెర మానేసి కాఫీలో బెల్లం వేసుకుంటారు, పళ్లెం నిండా అన్నం కుప్ప పోసుకుని నిశ్చింతగా ఉంటారు. రక్తపోటును బీపీ అన్నాం. తెలుగులో ఇప్పుడు బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించకు" అని పిల్లల్ని అదిలించే భాషలో, శాంతంగా ఉన్న మనిషికి బీపీ ఉందంటే ఎవరు నమ్ముతారు? "ఇప్పుడు బీపీ ఏమీ లేదండీ, అబ్బాయి ఉద్యోగం కుదిరింది, అందుకని మాత్ర ఆపేశాను" అన్నవాళ్లను నేను లెక్కపెట్టలేదు గాని, చాలామందిని చూశాను. దీనికి తోడు జ్వరం నుంచి నేర్చుకున్న పాత అలవాటు ఒకటుంది. జబ్బు వస్తుంది, మందు వేసుకుంటాం, జబ్బు పోతుంది, మందు ఆపేస్తాం. జన్మంతా ఉండిపోయే, ఏ లక్షణమూ చూపించని జబ్బుకు ఆ చట్రంలో చోటే లేదు. "పరగడుపున రండి" అంటే దారిలో ఒక టీ తాగి వచ్చి "ఏమీ తినలేదండీ" అని నిజాయతీగా చెప్పే వాళ్ల సంగతి మీరే చూస్తారు. తినడం వేరు, తాగడం వేరు కదా.

ఇంతవరకు విన్నది చూస్తే, చట్రాలన్నీ రోగులవేననీ, మనది మాత్రం కళ్లెదుట ఉన్నదున్నట్టు చూసే చూపనీ మీకు అనిపించవచ్చు. నాకూ చాలా ఏళ్లు అట్లాగే అనిపించింది. యాభై దాటిన ఒక లారీ డ్రైవరు ఉదయం ఓపీలో నా ముందు కూర్చుని, "గ్యాస్ పట్టేసిందండీ, రాత్రి మిరపకాయ బజ్జీలు తిన్నాను" అన్నాడు. బొడ్డుకు పైన బరువుగా ఉందన్నాడు, వాంతి వచ్చేటట్టుందన్నాడు. చొక్కా కాలరు తడిసి మెడకు అంటుకుపోయి ఉంది. అది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అంటే నేను చూశాను. కరెంటు పోయి ఫ్యాను ఆగిన గదిలో అందరికీ చెమటలు పడుతున్నాయి కాబట్టి, ఉక్కపోత అనుకుని చూశాను. ఆయనే రోగ నిర్ధారణ చేసి, కారణంతో సహా నా బల్ల మీద పెట్టాడు. అది నా చట్రంలోనూ చక్కగా అమరింది. ఆమ్లం తగ్గించే మాత్ర రాసి పంపాను. సాయంత్రం అతన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. గుండె కింది గోడకు రక్తం అందించే నాళం మూసుకుపోతే నొప్పి ఛాతీలో కాకుండా పైకడుపులో తెలియవచ్చని నాకు తెలియక కాదు. ముందు రోజే విద్యార్థులకు ఆ పాఠం చెప్పాను. అతను బతికాడు, అది నా అదృష్టం. కానీ ఆ ఉదయం నేను ఇ.సి.జి. తీయించి ఉంటే ఆ గుండె కండరం మరికొంత మిగిలేది.

ఇక్కడ ఒక ప్రయోగం చెప్పాలి. 1949లో అమెరికాలో జెరోమ్ బ్రూనర్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పేకముక్కల్లో కొన్నింటి రంగు మార్చి, అంటే ఎర్ర ఇస్పేటు, నల్ల ఆఠీను వంటివి తయారుచేసి, మామూలు ముక్కల మధ్య కలిపి క్షణంలో కొంత భాగం సేపు చూపించారు. చూసినవాళ్లు తడుముకోకుండా జవాబు చెప్పారు, కాకపోతే ఎర్ర ఇస్పేటు ఆరును కొందరు మామూలు ఇస్పేటు ఆరన్నారు, కొందరు ఆఠీను ఆరన్నారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, కొందరికి అది ఎరుపూ కాకుండా నలుపూ కాకుండా ఊదారంగులో కనిపించింది. చట్రానికీ కంటికీ రాజీ కుదిర్చి, ముక్క మీద లేని రంగును మనసు తయారుచేసుకుంది. నా ముందు కూర్చున్న డ్రైవరు ఎర్ర ఇస్పేటు. నేను ఆఠీను చూశాను.

చదువు పెరిగితే ఇది పోతుందని అనుకోవడానికి లేదు. మన వృత్తి బయటి నుంచి ఒక ఉదంతం చెబుతాను. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫె విమానాశ్రయంలో, దట్టమైన మంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. మాట్లాడుకున్నవాళ్లంతా సుశిక్షితులు, వాడిన భాష కొలిచి వాడే విమానయాన ఇంగ్లీషు. డచ్ విమానానికి కంట్రోలరు గాలిలోకి లేచిన తర్వాత పోవలసిన దారిని మాత్రమే చెప్పాడు. అందులో 'టేకాఫ్ తర్వాత కుడివైపు తిరగాలి' అన్న ముక్క ఉంది. డ్యూటీ గంటలు మించిపోతాయన్న తొందరలో ఉన్న కెప్టెన్ దాన్ని బయల్దేరడానికి అనుమతిగా తీసుకున్నాడు. కో-పైలట్ సూచనలను తిరిగి చదివి, చివర "ఇప్పుడు మేం టేకాఫ్‌లో ఉన్నాం" అనే అర్థం వచ్చే ఒక వాక్యం అన్నాడు. పరుగు మొదలైందని వాళ్ల ఉద్దేశం. బయల్దేరే చోట నిలబడి ఉన్నారని కంట్రోలరుకు అర్థమైంది. అతను "ఓకే" అని, ఒక్క క్షణం ఆగి, "టేకాఫ్‌కు వేచి ఉండండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే రెండో విమానం, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రేడియోలో చెప్పడంతో, రెండు మాటలూ కలిసి ఈలలాంటి శబ్దం అయింది. డచ్ కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడింది ఆ "ఓకే" మాత్రమే. "ఆ విమానం ఇంకా తప్పుకోలేదా?" అన్నట్టు ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన నియమాల్లో నాకు నచ్చినది ఒకటుంది: అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చినదాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప టేకాఫ్ అన్న మాటను కంట్రోలరు నోట రానివ్వరు, మిగతా సందర్భాల్లో వేరే మాట వాడతారు. మనుషుల చట్రాలను మార్చలేమని వాళ్లు ఒప్పుకుని, రెండు గూళ్లలో పట్టే మాటను దారిలోంచి తీసేశారు.

మనకు ఆ సౌకర్యం లేదు. వేడి, గ్యాస్, నీరసం, నరాల బలహీనత అన్న మాటలను ఎవరూ రద్దు చేయలేరు, చేయనక్కరలేదు కూడా. 2020లో కొవిడ్ పరీక్షకు వచ్చినవాళ్లకు "నెగిటివ్ వచ్చింది" అంటే కొందరి మొహాలు వాడిపోయేవి. నెగిటివ్ అంటే చెడ్డది అనే కదా వాడుక. "మీకు ఆ జబ్బు లేదు" అనడానికి అక్షరాలు కొన్ని ఎక్కువ పడతాయి, అంతే.

అయినా మనం చెప్పింది వాళ్లకు చేరిందనే నమ్మకం మనకెందుకంత గట్టిగా ఉంటుంది? 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో వేయించి, ఎదుటివాళ్లను పాట పోల్చుకోమన్నది. సగం మంది పోల్చుకుంటారని దరువు వేసేవాళ్లు అంచనా వేశారు. 120 పాటలకు గాను పోల్చుకున్నవి 3. దరువు వేసేవాడి తలలో పాట మొత్తం, పల్లవితో సహా, మోగుతూనే ఉంటుంది. వినేవాడికి వచ్చేది టకటకలు. "సోడియం, గుండె, నీరు" అన్న పాట నా తలలో మోగుతూ ఉండగా, ఆ పెద్దాయనకు నేను వినిపించిన దరువు "ఉప్పు తగ్గించండి" అన్న రెండే దెబ్బలు.

రోగి తన జబ్బును ఎట్లా ఊహించుకుంటున్నాడో ముందు తెలుసుకోవాలని ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, సహచరులు ఇద్దరితో కలిసి 1978లో రాశాడు. అడగవలసిన ప్రశ్నలు కూడా ఇచ్చాడు: ఇది ఎందువల్ల వచ్చిందని మీరనుకుంటున్నారు, ఇప్పుడే ఎందుకు మొదలైంది, దీనివల్ల మీకున్న పెద్ద భయమేమిటి, ఇట్లాంటివి. నేను చదివిన ఉత్సాహంలో మరునాడే ఒక రైతును "ఇది ఎందుకొచ్చిందంటారు?" అని అడిగాను. "అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తామండీ" అన్నాడాయన. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. డాక్టరు ముందు తన అభిప్రాయం చెప్పడం మన దగ్గర మర్యాద తక్కువ పని. పైగా, అడిగే డాక్టరుకు పని రాదేమోనన్న అనుమానం కూడా. కొంతకాలానికి ప్రశ్నను మార్చుకున్నాను: "ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు?" ఇక ఆగరు. అత్తగారు వేడి అన్నది, బావమరిది గ్యాస్ అన్నాడు, మందుల షాపు కుర్రాడు నరాలన్నాడు, పక్కింటావిడ దిష్టి తీయించమన్నది. అన్నీ ఇతరుల నోట పెట్టి, తన మనసులో ఉన్నదాన్ని కూడా వాటి మధ్య పెట్టేస్తారు. ఏది చెప్పేటప్పుడు గొంతు తగ్గిందో కనిపెట్టడం మీ పని.

రెండో పని, పంపేముందు చెప్పించుకోవడం. "అర్థమైందా?" అని అడగకండి, దానికి తెలుగులో "ఆఁ" తప్ప మరో జవాబు లేదు. "ఇంటికెళ్లాక అమ్మకు ఏమని చెబుతారు?" అని అడగండి. పూటకో మాత్ర, మూడు పూటలా అని చెప్పి పంపిన మనిషి, పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి వేసుకుంటానని చెప్పినప్పుడు, ఆయన పూటలూ మీ ఎనిమిది గంటలూ ఒకటి కావని అక్కడికక్కడే తెలుస్తుంది. ఓపీలో రెండు వందల మంది నిలబడి ఉంటే ఇదంతా ఎక్కడ కుదురుతుందని మీరు అడుగుతారు. అందరితో కుదరదు. కొత్తగా మందు మొదలుపెడుతున్నవాళ్లతో, చెప్పిన మందు పనిచేయలేదని తిరిగి వచ్చినవాళ్లతో కుదుర్చుకోండి. మోతాదు పెంచబోయే ముందు మాత్రం తప్పనిసరిగా కుదుర్చుకోండి.

సోమవారం మీరు వార్డుల్లో చేరుతున్నారు. జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, రోజుకు ముగ్గురు రోగులు చెప్పిన మొదటి వాక్యాన్ని వాళ్ల నోట వచ్చినట్టే రాసుకోండి. పొట్ట ఉబ్బరమంటే పొట్ట ఉబ్బరమనే రాయండి, డిస్పెప్సియా అని మార్చకండి. దమ్ము అంటే దమ్మనే రాయండి. దాని పక్కన కొంత ఖాళీ వదిలి, మీకు ఏమర్థమైందో రాయండి. మూడు రోజుల తర్వాత అదే రోగి దగ్గరకు వెళ్లి, ఆ వాక్యం చదివి వినిపించి, దానికి అర్థమేమిటో అడిగి మూడో గడి నింపండి. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఇదే గదిలో ఆ పుస్తకాలు తెరుద్దాం. నా పాత పుస్తకం కూడా తెస్తాను, ఆ డ్రైవరు పేజీతో సహా.